పూతరేకుల ఫ్లెక్సీకి సలక్షణ టీక

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాశాడు, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆయనకు దొరికిన కవులు అలాంటివాళ్లు. మనకు దొరికిన కవి ఫ్లెక్సీ షాపులో స్టూలు మీద కూర్చుని, పక్కన ఫొటోషాప్ తెరిచిన కుర్రాడికి డిక్టేషన్ చెప్పిన పూతరేకుల వ్యాపారి. కనుక నియమంలో రెండో సగాన్ని సడలించుకుంటున్నాం. అక్కర్లేనిది మూలంలోనే దండిగా ఉంది.

స్థలం: కోనసీమ జిల్లా, రావులపాలెం దరిదాపులు, 16వ నంబరు జాతీయ రహదారి అంచు. పరిమాణం: ఇరవై అడుగులు బై ఎనిమిది. ఉద్దిష్ట పాఠకుడు: రాజమండ్రి నుంచి తణుకు వైపు పిల్లాపాపలతో కారులో పోతున్న గృహస్థు. ఇది ఏ ఒక్క కొట్టు బోర్డూ కాదు. ఆ దారి పొడుగునా గాలికి కొట్టుకుంటున్న అనేక ప్రతులను పోల్చి చూసి, అన్నిటికీ సామాన్యమైన పాఠాన్ని పరిష్కరించి కింద ఇస్తున్నాం.

మూలం

॥ శ్రీరస్తు ॥
శ్రీ వేంకటేశ్వర స్వామి వారి ఆశీస్సులతో
ఒరిజినల్ ఆత్రేయపురం నేతి పూతరేకులు
షుగర్ – బెల్లం – డ్రైఫ్రూట్
పెళ్ళిళ్ళకు, సమస్త శుభకార్యములకు ఆర్డర్లపై సప్లయి చేయబడును
ప్రొ॥ ………… గారు
మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు

ప్రతిపదార్థం

ఒరిజినల్ = పక్క కొట్టుది కానట్టియు; ఆత్రేయపురం = ఆ గ్రామమునందు గాని, దాని చుట్టుపట్ల గాని, దాని మీదుగా వచ్చిన వ్యానునందు గాని ఉద్భవించినట్టియు; నేతి = నేయి అను ద్రవ్యముతో ఎంతో కొంత పరిచయము గలట్టియు; పూతరేకులు = పూతరేకులు; షుగర్, బెల్లం, డ్రైఫ్రూట్ = అను త్రివిధ భేదములతో; శుభకార్యములకు = అశుభకార్యములకు తినరు గనుక ఈ విశేషణము వ్యర్థము; ఆర్డర్లపై = సగము పైకము ముందుగా ముట్టిన పిమ్మట; సప్లయి చేయబడును = ఎవరో చేయుదురు; ప్రొ॥ = ప్రొప్రయిటరు, ప్రొఫెసరు కాడని గ్రహింపవలెను; గారు = తనకు తానే ఇచ్చుకొన్న గౌరవము; బ్రాంచీలు లేవు = ఉన్నది ఇదొక్కటే, ఇదియు అప్పు మీద నడుచుచున్నది, అని భావము.

యజమాని నామం వద్ద గ్రంథపాతం. ఆ చోట కరెంటు స్తంభం అడ్డు వచ్చింది. బోర్డు కట్టేటప్పుడు స్తంభం అక్కడే ఉంది.

విశేషాలు

"ఒరిజినల్" అన్న మాట చింత్యం. అందరూ ఒరిజినలే అయినప్పుడు ఆ మాటకు పని ఉండదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అడిగి తెచ్చుకున్నది అక్కడి తయారీదారుల సంఘమే, దానికి ఆర్థర్ కాటన్ దొర పేరు పెట్టుకున్నారు కూడా. ఆ గుర్తింపు కింద నమోదైన వాళ్లకు దాని ముద్ర వేసుకునే హక్కు ఉంది. ఒరిజినల్ అని ఎర్రక్షరాల్లో అరిచే బదులు ఆ ముద్ర ఒక మూల వేసుకుంటే సరిపోయేది. మన మూలంలో అది లేదు. వేంకటేశ్వర స్వామి ముద్ర ఉంది, ఆయన దగ్గర ఎవరూ నమోదు చేయించుకోనక్కర్లేదు.

"చేయబడును" అన్నది కర్మణి ప్రయోగం. గోదావరి జిల్లాల్లో ఏ మనిషీ నోటితో ఇలా మాట్లాడడు. ఈ యజమానే కొట్టుకు వచ్చినవాళ్లతో "ఎన్ని బాక్సులు కావాలండి, పొద్దున్నకల్లా పంపించేత్తావండి" అంటాడు. ఎంతో ఆదరంగా ఉంటుంది. బోర్డెక్కేసరికి తహసీల్దారు ఆఫీసు నోటీసు భాష ఆవహిస్తుంది.

ఛందస్సు: బోర్డు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో జీఎస్టీ నంబరుంది. దుకాణం ద్వారం దగ్గరి పేరు బోర్డు మీద అది ఉండాలని నిబంధన. పదిహేను అక్షరాలు. లాక్షణికులు ఈ కొలతను అతిశక్వరి అంటారు, మాలినీ వృత్తం ఈ కుదురులోదే. మొదటి రెండు అంకెలూ 37 గనుక కవి ఆంధ్రుడు, 36 అయితే తెలంగాణవాడు. కవి స్వదేశం ఇంత నిక్కచ్చిగా తెలిసిన కావ్యాలు మన సాహిత్యంలో తక్కువ. ఈ రహదారి కావ్యం మొత్తంలో గణభంగం లేని పాదం ఇదొక్కటే, దీన్ని చదివినవాడు మాత్రం లేడు.

కాలనిర్ణయం

ఇప్పుడు అసలు సంగతి. పాఠకుడు కారులో ఉన్నాడు. అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదహారు మీటర్ల పైమాట. వంద అడుగుల దూరంలో బోర్డు కంటబడితే, దాన్ని దాటిపోవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ వ్యవధిలో మన మూలాన్ని చదివి, అర్థం చేసుకుని, భార్యను అడిగి, ఆమె సరేనని, వెనక లారీ లేదని చూసుకుని, బండి పక్కకు తీయాలి. అవధానంలో కూడా పృచ్ఛకుడు ఇంతకంటె ఎక్కువ గడువిస్తాడు.

బోర్డులు రాసేవాళ్లకు పాత లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. బండి ఆపుకోవడానికి వీలుగా మూడు వందల అడుగుల నుంచి కనబడాలంటే ముప్ఫై అంగుళాల అక్షరాలు కావాలి. అంటే రెండున్నర అడుగులు. ఎనిమిది అడుగుల ఎత్తు బోర్డులో అలాంటి వరుస ఒకటి హాయిగా పడుతుంది. తమాషా ఏమిటంటే "పూతరేకులు" అన్న మాటకు ఒక్క ఒత్తు లేదు. అయిదే అక్షరాలు, కిందికి వేలాడేది ఏదీ లేదు, ఇరవై అడుగుల వెడల్పులో అటూ ఇటూ గాలి వదిలి మరీ నిలబడుతుంది. తెలుగులో బోర్డు మీదికెక్కడానికే పుట్టినట్టున్న మాట. దాన్ని తీసుకెళ్లి నాలుగు మాటల వరుసలో చివర కుదించి, "పెళ్ళిళ్ళకు"లోని రెండు ళ్ళలకు పెద్దపీట వేశారు. శ్రీ వేంకటేశ్వర స్వామి పేరుకు బంగారు అంచు, దాని చుట్టూ నల్ల అంచు, దాని వెనక నీడ. గోదావరికి ఆవలి గట్టున నరసాపురంలో 1933లో పుట్టిన బాపు చేతిరాత శుభలేఖల మీదా కొట్ల బోర్డుల మీదా రాష్ట్రమంతా తిరిగింది. ఆ అక్షరానికి ఏ నీడా అవసరం పడలేదు.

ఇంత కిక్కిరిసిపోవడానికి కారణం కవి అజ్ఞానం కాదు, ధరల పద్ధతి. ఫ్లెక్సీని చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. నూట అరవై చదరపు అడుగులకు డబ్బు కట్టాక, అందులో ఖాళీ జాగా కనబడితే యజమానికి కడుపు తరుక్కుపోతుంది. ఎనామెల్ రంగు డబ్బాతో పెయింటరు నిచ్చెనెక్కి రాసిన రోజుల్లో ఒక్కో అక్షరానికి చెయ్యి నొప్పి పుట్టేది, అందుకని మాటలు పొదుపుగా పడేవి. ఇప్పుడు అక్షరం ఉచితం, బట్టకే ఖర్చు. ఫ్లెక్సీ షాపులో జరిగే సంవాదం ఎక్కడైనా ఇంచుమించు ఇదే:

"తమ్ముడూ, ఆ మూల ఖాళీగా ఉంది, మా పెద్దోడి ఫొటో పడెయ్."

"వాట్సాప్‌లో వచ్చిందండి, పెద్దది చేత్తే పగిలిపోద్దండి."

"పగిల్తే పగిలింది, మావోడని తెలుత్తాది కదా."

కుర్రాడు అడోబీ విద్యలో పండితుడే. ఏది ఎక్కడుంటే బాగుంటుందో అతనికి తెలుసు. బిల్లు కట్టేది అవతలివాడని కూడా తెలుసు.

చిత్ర ప్రకరణం

మూలంలో ఎడమ పక్క స్వామివారు. కుడి పక్క యజమాని, చెవి దగ్గర సెల్‌ఫోను పెట్టుకుని. ఆ ఫోనులో ఎవరున్నారో ఏ వ్యాఖ్యాతా తేల్చలేదు. కింది మూల పెద్దబ్బాయి, పగిలి. మధ్యలో జీడిపప్పు, బాదం, ఇంటర్నెట్లో దొరికిన నేతి గిన్నె. చిట్టచివర, ఒక పళ్లెంలో, వస్తువు: పూతరేకులు. అవి అక్కడ ఉన్నాయని నమ్మాలే తప్ప చూడలేం.

ఎందుకంటే ఫ్లెక్సీ యంత్రంలో ఉండేవి నాలుగు సిరాలు: నీలం, గులాబీ, పసుపు, నలుపు. మామూలు ఫ్లెక్సీ అచ్చులో తెలుపుకు సిరా లేదు. తెల్లగా ఉండాల్సిన చోట యంత్రం ఏమీ వేయదు, తెల్లటి ప్లాస్టిక్ బట్టను అలాగే వదిలేస్తుంది. తెల్లటి పూతరేకును తెల్లటి పళ్లెంలో పెట్టి, వెనక తెల్లటి టైల్సుండగా, నెత్తి మీద ట్యూబులైటు వేసి ఫొటో తీస్తే, బోర్డు మీద అచ్చయ్యేది శూన్యం. మాధ్యమిక బౌద్ధులు చెప్పిన సిద్ధాంతాన్ని రావులపాలెంలో డబ్బు కట్టి మరీ అచ్చు వేయించుకున్నారు.

తక్కిన రంగుల సంగతి ఎండ చూసుకుంటుంది. ముందు పసుపూ గులాబీ వెలిసిపోతాయి, నీలం మాత్రం పట్టుకుని ఉంటుంది. రెండు వేసవులు గడిచేసరికి బెల్లం నీలం, నెయ్యి నీలం, యజమాని నీలం. ఒక్క స్వామివారికే ఆ రంగు నప్పుతుంది.

ఇంతకూ ఆ బోర్డు వెనక, రేకుల పాకలో ఏం జరుగుతోంది? ఒకావిడ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. పొయ్యి మీద ప్రత్యేకంగా చేయించిన కుండ, బోర్లించినట్టు, వీపు పైకి. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, పాల కంటె పలచగా గిన్నెలో. ఆమె గుడ్డను పిండిలో ముంచి రెండు చేతులా సాగదీసి కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటీ దాటగానే తడి ఆరిపోయి, సన్నటి పొర అంచుల దగ్గర లేస్తుంది. వేళ్లతో ఎత్తి పక్కన పెడుతుంది. మళ్లీ ముంచుతుంది. ఆ పొరను వెలుతురుకు అడ్డం పెడితే అవతల ఆమె వేళ్లు కనబడతాయి.

బోర్డుకు కావలసిన ఫొటో అదే. ఆలంకారికులు దీన్ని స్వభావోక్తి అంటారు. జీడిపప్పులు గాల్లో ఎగరడం అతిశయోక్తి. రహదారి మీద అతిశయోక్తులు ఎక్కువైపోయాయి గనుక ఇక్కడ స్వభావోక్తికే ధ్వని ఎక్కువ. నల్లబడిన కుండ మీద తెల్లటి రేకు ఉంటే తెలుపు తెలుపుగా కనబడడానికి వెనక నలుపు దొరుకుతుంది. పొద్దున ఎనిమిది గంటల ఎండ పాక గుమ్మంలోంచి పక్కవాటుగా పడుతున్నప్పుడు తీస్తే రేకు అంచు వెలుగుతుంది. ఫ్లాష్ వేయకూడదు. దీనికి పెద్ద కెమెరా అక్కర్లేదు, జేబులో ఫోను చాలు. తీసినదాన్ని ఫ్లెక్సీ షాపుకు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపాలి. పెద్దబ్బాయి పగలడానికి కారణం కూడా ఆ కుదింపే, అతని ముఖంలో లోపం లేదు.

పూర్వపక్షం

"తాజా చేపల బోర్డు కథ ఉంది కదా, ఒక్కో మాటా కొట్టేసుకుంటూ పోతే చివరికి బోర్డే అక్కర్లేదు కదా?" అని ఒకరు ఆక్షేపిస్తారు. చేపకు వాసన ఉంది, ఆ కథ అక్కడ చెల్లింది. పూతరేకుకు వాసన లేదు, చప్పుడు లేదు, కాగితంలో చుట్టి పెట్టెలో పెడితే రూపం కూడా లేదు. దానికి బోర్డు కావాలి. బోర్డు మీద అది కావాలి.

"ఫ్లెక్సీలు నిషేధించారు కదా?" అని ఇంకొకరు. నిజమే, ఆంధ్రప్రదేశ్‌లో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని 2022 ఆగస్టులో విశాఖపట్నంలో ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు, తరవాత 2023 జనవరి 26కు జరిపారు. మన కొట్టుకు మాత్రం గుడ్డ బ్యానరైనా, రేకు మీద రంగుతో రాసినా పై టీక యథాతథంగా వర్తిస్తుంది. పెయింటరు దొరికితే ఇంకా మంచిది. అతను అయిదక్షరాలే రాస్తానంటాడు.

పరిష్కృత పాఠం

పూతరేకులు
(కుండ, రేకు, వేళ్లు: బోర్డులో సగం మేర ఫొటో)
లోపలే వేస్తున్నాం, వచ్చి చూడండి

ఇంతే. స్వామివారు కొట్టు లోపల, గల్లాపెట్టె మీద, రోజూ పూలదండతో. చట్టం అడిగిన నంబరు గుమ్మం పక్క చిన్న పలక మీద. యజమాని ఫోను నంబరు పూతరేకుల పెట్టె మూత మీద ఉండాలి. ఇంటికెళ్లి తిన్నవాళ్లకే రెండోసారి ఆర్డరివ్వాలని బుద్ధి పుడుతుంది గానీ, అరవై వేగంలో పోతున్నవాడు పది అంకెలు రాసుకోడు. "బ్రాంచీలు లేవు" అన్న పాదాన్ని ప్రక్షిప్తంగా భావించి తొలగించాం.

యజమాని గారికి ఒక మనవి. ఫొటో తీసే రోజున కుండ దగ్గర కూర్చునే ఆవిడను ముందుగా అడగండి. ముఖం వద్దంటే చేతులే తీయండి. రేకు సరిగ్గా వెలుతురుకు పడేదాకా అదే పని పదిసార్లు చేయించాల్సి వస్తుంది, ఆ పూట సరుకు తక్కువ దిగుతుంది. లెక్క చూడకుండా ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వండి.