బండి ఎడమకు గుంజుతోందా? కుడికి పట్టండి!

చక్రాల కోణాలు సరిచేయించే వీల్ అలైన్‌మెంట్ దండగ ఖర్చని అటు నల్లగొండలో, ఇటు పాలమూరులో అరుగుల మీది పెద్దమనుషులు ఎప్పుడో తేల్చేశారు. అయినా కొత్తగా కారు కొన్న పిల్లలు ఇంకా ఆ ర్యాంపు ఎక్కిస్తూనే ఉన్నారు. వాళ్ళ మేలు కోరి ఈ నాలుగు ముక్కలు.

ముందుగా గుంజుడు సంగతి. జడ్చర్ల దాటి కొత్తకోట వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే, స్టీరింగ్ పట్టు కాస్త సడలించగానే బండి ఎడమకు జరుగుతుందనుకోండి. కంగారు పడొద్దు. కుడికి కొద్దిగా తిప్పి పట్టుకుని కూర్చోండి. పెబ్బేరు చేరేసరికి భుజానికి మంచి కసరత్తు. ఎవరైనా అడిగితే తప్పును రోడ్డు మీదికి నెట్టేయండి. వాన నీళ్ళు పోవడానికి రోడ్డును ఎడమకు కొంచెం వాలుగా వేస్తారు కాబట్టి కొద్దిపాటి జరుగుడు నిజంగానే మామూలు. ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని ఎంత గుంజుడినైనా సమర్థించుకోవచ్చు. వాలు కుడివైపుకున్న రోడ్డు మీద కూడా ఎడమకే గుంజుతుందేమో చూద్దామని పరీక్షలు మాత్రం పెట్టుకోకండి. టైర్లలో గాలి అసలే చూడకండి. ఎడమ టైరులో గాలి తగ్గినా బండి అటే పోతుంది. అంత చిన్న విషయంతో తేలిపోతే ఇక మనం మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

యాసంగి కోతలప్పుడు ఇంకో సువర్ణావకాశం వస్తుంది. మన పల్లెల మీదుగా పోయే తారు రోడ్లు చాలాచోట్ల సగానికి సగం కల్లాలవుతాయి. వడ్ల కుప్ప, దాని మీద నల్ల టార్పాలిన్, అది లేచిపోకుండా అంచు పొడవునా రాళ్ళు. పగలు సరే, రాత్రి ఎదురు లారీ లైటు కళ్ళలో పడితే నల్ల రోడ్డు మీద నల్ల పట్టా ఎక్కడ కనబడుతుంది? రైతుకు ఆరబోసుకునే చోటు లేక రోడ్డెక్కాడు, మనకు పక్కకు జరిగే చోటు లేక రాయెక్కాం. ముందు ఎడమ చక్రం ఎక్కి దిగుతుంది, కింద నుంచి ఠక్కుమని ఒక్క చప్పుడు. అప్పుడు దిగి, సెల్‌ఫోన్ లైటు వేసి, రిమ్ము సొట్ట పోలేదని నిర్ధారించుకుని వెళ్ళిపోండి. లోపల టై రాడ్ వంగిందో, లోయర్ ఆర్మ్ వంగిందో పైనుంచి కనబడదు కనుక, వంగనట్టే లెక్క. మర్నాడు తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ మధ్యలోని కంపెనీ గుర్తు వంకరగా కనిపిస్తే మీరు తల కొంచెం వంచండి, తిన్నగా కనబడుతుంది.

ఈ వంకరతో ఏమవుతుందో చదువుకున్నవాళ్ళు లెక్కలు చెబుతారు. పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటాన్ని టో అంటారు. ఒక చక్రం నడిచే దిశకు అర డిగ్రీ పక్కకు ఉంటే కిలోమీటరుకు దాదాపు 8.7 మీటర్లు పక్కకు రాసుకుంటుందట. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. అంటే చేరేసరికి ఆ టైరు 870 మీటర్లు అడ్డంగా ఈడ్చబడింది. టైరు దొర్లడానికే పుట్టిందా, కాస్త ఈడ్చుకుపోతే తప్పేమిటి? టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాసి చూడకండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు కొడవలి పళ్ళలా గరుకుగా తగిలితే అనవసరంగా మనసు పాడవుతుంది. టైరును ఎప్పుడూ బయటినుంచే చూడండి. టో బయటికి పోయినా, చక్రం పైభాగం లోపలికి ఎక్కువగా వాలినా అరిగేది లోపలి అంచు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వంగి చూస్తే తప్ప అది కనబడదు. కనబడనిదాని గురించి చింతించడమెందుకు?

శ్రీశైలం పోయేవాళ్ళకు ప్రత్యేక సూచన. మన్ననూరు దాటాక ఒక మలుపు తిప్పగానే ఇంకోటి వస్తుంది. మలుపు అయిపోగానే స్టీరింగ్ దానంతటదే మధ్యకు రావాలి. ఆ పని చేయించేది ముఖ్యంగా క్యాస్టర్ అనే కోణం. రాకపోతే మీరే తిప్పుకోండి. వెనక సీట్లో అత్తగారు మల్లన్నను గట్టిగా తలచుకుంటారు, పుణ్యమే కదా.

ఇంత చెప్పినా షాపుకు వెళ్ళి తీరతామంటే పద్ధతిగా వెళ్ళండి. 90 స్పీడులో స్టీరింగ్ వణికితే అలైన్‌మెంట్, పక్కకు గుంజితే బ్యాలెన్సింగ్ చేయమనండి. "వణుకుడు బ్యాలెన్సింగుతోని పోతది సార్, రిమ్ముకు చిన్న బరువు ముక్క కొడితే అయిపాయె. గుంజుడుకే అలైన్‌మెంట్" అని అక్కడి పిల్లగాడు అంటాడు. వినకండి. డిక్కీలో మిర్యాలగూడ మిల్లు నుంచి తెచ్చిన బియ్యం బస్తాలు దించకండి. బరువుకు వెనక కుంగి కోణాలు మారితే మారనీ. "బుష్షులు, బాల్ జాయింట్లు ముందు చూడాలె, లూజుంటే లెక్క నిలవదు" అంటే, బేరం పెంచుతున్నాడని గుర్తించండి. మిషను కాగితంలో చక్రం వాలు చూపే క్యాంబర్ అంకె ఎర్రగా వస్తే పచ్చగా చేయమని దబాయించండి. చాలా చిన్న కార్లలో తిప్పి సరిచేయగలిగేది ముందు టో ఒక్కటే. క్యాంబర్ ఎర్రబడిందంటే సాధారణంగా లోపల ఏదో వంగిందనో అరిగిందనో అర్థం. ఆ సంగతి మీకెందుకు, మీకు కావలసింది రంగు.

ఇక ఎన్నాళ్ళకోసారి? 5,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి చూపించమంటారు. గట్టి దెబ్బ తగిలితే వెంటనే, టైర్లు మార్చినప్పుడు తప్పకుండా అంటారు. అన్నీ మానేయండి. కొత్త టైర్లు రెండూ వేయించి, అలైన్‌మెంట్‌కయ్యే కొన్ని వందలు మిగుల్చుకుని ఇంటికి రండి. పాతవాటిని తిన్న వంకరే వీటినీ తింటుంది, ఏడాది తిరక్కుండా మళ్ళీ వేలు పట్టుకుని అదే షాపుకు వెళ్ళవచ్చు.