బుద్ధిమంతుడని కాగితం తెచ్చుకో

మన దగ్గర కాండక్ట్ సర్టిఫికెట్ అంటే ఎవరికీ అపకారం చెయ్యని కాగితం. కుర్రాడి మొహం ఎన్నడూ చూడని గెజిటెడ్ ఆఫీసరు, అతను తనకు బాగా తెలుసనీ, గుణవంతుడనీ రాసి ఆకుపచ్చ సిరాతో సంతకం గిలుకుతాడు. ఇచ్చినవాడు నమ్మడు, పుచ్చుకున్నవాడు చదవడు.

సింగపూర్‌లో అలాంటి అశ్రద్ధ చెల్లదు. 1964లో అక్కడ ‘సూటబిలిటీ సర్టిఫికెట్’ వచ్చింది. యూనివర్సిటీలో చేరాలంటే మార్కులొక్కటే చాలవు. ఈ పిల్లవాడి వల్ల దేశభద్రతకు ముప్పు లేదని విద్యాశాఖ డైరెక్టర్ కాగితం ఇవ్వాలి. అప్పటికి సింగపూర్ మలేసియాలో భాగం. మరుసటి ఏడే మలేసియాతో పొత్తు తెగింది కానీ, ఈ కాగితంతో బంధం 1978 దాకా తెగలేదు.

ఏలినవారికి విద్యార్థుల సంగతి తెలియక ఇలా చేశారనుకునేరు. తెలిసే చేశారు. 1954 మేలో, సింగపూర్‌లోనే ఉన్న అప్పటి మలయా యూనివర్సిటీ సోషలిస్టు క్లబ్బు పత్రిక ‘ఫజర్’లో ఒక సంపాదకీయం వచ్చిందని, తెల్లదొరలు ఎనిమిది మంది విద్యార్థుల మీద రాజద్రోహం కేసు పెట్టారు. బ్రిటన్ నుంచి లాయరు డి.ఎన్. ప్రిట్ వచ్చి కుర్రాళ్ల తరఫున వాదించాడు. పక్కన జూనియర్ లాయరు లీ క్వాన్ యూ. ఆగస్టులో జడ్జి కేసు కొట్టేశాడు. కుర్రాళ్లు బయటపడ్డారు, లాయరుకు పేరొచ్చింది. నవంబరులో అతని పీపుల్స్ యాక్షన్ పార్టీ పుట్టింది, అయిదేళ్లకు లాయరు ప్రధానమంత్రి అయ్యాడు.

ఆ ఎనిమిది మందిలో ఒకడైన పో సూ కై ఆ పార్టీ వ్యవస్థాపక సభ్యుల్లోనూ ఒకడు. 1963 ఫిబ్రవరిలో ‘ఆపరేషన్ కోల్డ్‌స్టోర్’ పేరుతో వందమందికి పైగా మనుషుల్ని పట్టుకెళ్లినప్పుడు అతన్నీ పట్టుకెళ్లారు. విచారణ లేకుండా 1973 దాకా లోపలే ఉంచారు. తెల్లదొర కనీసం కోర్టు గుమ్మం చూపించాడు! ఏరు దాటి తెప్ప తగలేయడం మనకూ తెలిసిన విద్యే. ఇక మీదట వచ్చే ప్రతి తెప్పా ‘నేను మండను’ అని సర్టిఫికెట్ తేవాలనడం మాత్రం సింగపూర్ సొంత పరిశోధన.

వామపక్షం వాసన కొట్టే పిల్లల్ని వడగట్టమని ప్రభుత్వం ఒత్తిడి తెస్తే, 1963లోనే అక్కడి యూనివర్సిటీ వైస్ చాన్సలర్ బి.ఆర్. శ్రీనివాసన్ రాజీనామా చేసి ఇంటికెళ్లాడు. వైస్ చాన్సలర్, అదీ తనంతట తాను! మనవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదువుకోవచ్చు.

ఇలాంటి పేచీలు మళ్లీ రాకుండా 1968లో చక్కని ఉపాయం దొరికింది. మన వైస్ చాన్సలర్లు మంత్రిగారి వరండాలో పూలదండ పట్టుకుని గంటలకొద్దీ నిలబడతారు. అక్కడ ఆ శ్రమ తప్పించారు. పాలకపార్టీ చైర్మన్, శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి టో చిన్ చై తానే వైస్ చాన్సలర్ కుర్చీలో కూర్చున్నాడు. 1975 దాకా మంత్రిగారు ఆదేశించేవారు, వైస్ చాన్సలర్‌గారు శిరసావహించేవారు; దండ ఖర్చు కూడా లేదు. ఆ 1975లోనే విద్యార్థి సంఘం అధ్యక్షుడు టాన్ వా పియోను జైలుకు పంపి, సంఘం స్వతంత్రతను చట్టం చేసి మరీ కోసేశారు.

ఇప్పుడు మనవాళ్లు పిల్లల్ని అక్కడ చేర్చి, “గొడవల్లేని క్యాంపస్ అండీ, ధర్నా అన్న మాటే వినపడదు” అని మురుస్తారు. కాలేజీ ఎన్నికలు ఎనభైల చివర్లోనే అటకెక్కించుకున్న మనం మురవక ఏం చేస్తాం?

నాకు మిగిలిన చింత ఒక్కటే. ఆ సర్టిఫికెట్ 1954కు ముందే ఉండుంటే ఆ ఎనిమిది మందికి సీటు దొరికేది కాదు. సీటు లేకుంటే పత్రిక లేదు, పత్రిక లేకుంటే కేసు లేదు, కేసు లేకుంటే ఆ జూనియర్ లాయరు వీలునామాలు రాసుకుంటూ, వాటాల తగాదాలు తీర్చుకుంటూ బతికేవాడేమో. దేశభద్రత కోసం పుట్టిన కాగితం, పదేళ్లు ఆలస్యంగా పుట్టి ఎంత ముప్పు తెచ్చిపెట్టింది!