అడుగు పెడితే దొరికినట్టే, పట్టాలు వేస్తే లేనట్టే

పొరుగు రాష్ట్రంలో ఉంటున్న ప్రతివాదిని ఒక రాష్ట్ర కోర్టు ఎప్పుడు తన ముందుకు రప్పించవచ్చు అన్నది అమెరికా సివిల్ ప్రొసీజర్‌లో తొలి పాఠాల్లో ఒకటి. లా విద్యార్థులు దాన్ని మొదటి ఏడాదిలోనే చదివేస్తారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు మాత్రం ఇంకా చదువుతూనే ఉన్నారు. పైకి చూస్తే నియమానికి రెండే మెట్లు. రాష్ట్రం తన లాంగ్ ఆర్మ్ చట్టంలో అలాంటి దావాకు చోటిచ్చి ఉండాలి. ఆ పైన రాజ్యాంగం 14వ సవరణలోని డ్యూ ప్రాసెస్ నిబంధన అడ్డు చెప్పకూడదు. రాజ్యాంగం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు అధికారం మాదేనని కాలిఫోర్నియా ఒక్క వాక్యంలో తేల్చేసింది కాబట్టి అక్కడ తగువంతా రెండో మెట్టు మీదే. ప్రతివాదికి అన్యాయం జరగకూడదన్నది ఆ మెట్టు మీద కోర్టులు దాదాపు 150 ఏళ్లుగా చెబుతున్న మాట. ఏ ప్రతివాదికి అన్నది తీర్పులు వరుసగా చదివితే గాని తెలియదు.

కథ ఓరెగాన్‌లో మొదలవుతుంది. పోర్ట్‌లాండ్ లాయరు జాన్ మిచెల్ తన క్లయింటు నెఫ్ మీద ఫీజు బాకీకి దావా వేశాడు. బాకీ 300 డాలర్లు కూడా లేదు. నెఫ్ కాలిఫోర్నియాలో ఎక్కడో ఉన్నాడు. అందుకని సమన్లను ‘పసిఫిక్ క్రిస్టియన్ అడ్వకేట్’ అనే మతపత్రికలో అచ్చు వేయించారు. భక్తి ఉన్నవాడైతే చూసుకునేవాడే. చూసుకోలేదు. ఏకపక్ష డిక్రీ అయింది, 1866లో నెఫ్ భూమి వేలానికి వచ్చింది, పాట పాడి దక్కించుకున్నది మిచెలే. ఆ భూమి కొద్ది రోజుల్లోనే సిల్వెస్టర్ పెన్నోయర్ చేతికి మారింది. నెఫ్ తిరిగొచ్చి పెన్నోయర్ మీద దావా వేస్తే, 1878లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ పాత డిక్రీని కొట్టేశాడు. రాష్ట్రం అధికారం దాని సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. మనిషి సరిహద్దు లోపల సమన్లు అందుకోవాలి, లేదా లోపలున్న అతని ఆస్తిని దావా మొదట్లోనే జప్తు చెయ్యాలి. నెఫ్ విషయంలో జప్తు ఆలస్యమైంది, వచ్చిన చిక్కల్లా అదే. ముందే జప్తు చేసి ఉంటే మతపత్రిక ప్రకటన నిక్షేపంలా సరిపోయేది. తర్వాత పెన్నోయర్ ఓరెగాన్ గవర్నర్ అయ్యాడు. మిచెల్ సెనేటర్ అయ్యాడు. 1905లో ప్రభుత్వ భూముల కుంభకోణం కేసులో దోషిగా తేలాడు. శాస్త్రానికి పునాదిరాయి వేసినవాళ్ల యోగ్యతకు వంక పెట్టడానికి లేదు.

టెక్సాస్ ఇంకో అడుగు ముందుకేసింది. ఈ కోర్టుకు నా మీద అధికారం లేదు మహాప్రభో అని చెప్పుకోవడానికి ప్రతివాది హాజరైతే, హాజరయ్యాడు కాబట్టి అధికారం వచ్చేసినట్టే. రాకపోతే ఏకపక్ష డిక్రీ ఎలాగూ ఉంది. ఇందులో రాజ్యాంగానికి వచ్చిన లోటేమీ లేదని 1890లో సుప్రీంకోర్టు సెలవిచ్చింది. 1962లో గాని టెక్సాస్ ఆ పద్ధతి మానుకోలేదు.

1905లో తీర్పొచ్చిన బాకీ కథ దీనికేమీ తీసిపోదు. నార్త్ కరోలినాలో ఒకతను మరొకతనికి 180 డాలర్లు బాకీ. ఆ రెండో అతను బాల్టిమోర్ ఆసామికి 344 డాలర్లు ఇవ్వాలి. మొదటతను సరుకు కొనడానికి బాల్టిమోర్ వెళ్లినప్పుడు, ఆసామి అతన్ని పట్టుకుని, అతను చెల్లించాల్సిన 180 డాలర్లను అక్కడి కోర్టులోనే జప్తు చేయించాడు. అప్పు అన్నది అప్పుపడ్డవాడి వెంటే తిరుగుతుందని సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఇల్లు కదలని మనిషి ఆస్తి, తనకు చెప్పకుండానే, ఇంకొకడి జేబులో కూర్చుని మేరీలాండ్ చేరిందన్నమాట. ఈ సిద్ధాంతం 1977 దాకా బతికింది.

మోటారు కార్లు వచ్చాక సరిహద్దు దాటడం తేలికైంది. గుద్ది వెళ్లిపోవడం ఇంకా తేలికైంది. మసాచుసెట్స్ చట్టం ప్రకారం, ఆ రాష్ట్రం రోడ్డెక్కిన పరాయి డ్రైవరు అక్కడి రిజిస్ట్రారును తన తరఫున సమన్లు పుచ్చుకునే ఏజెంటుగా నియమించినట్టే లెక్క. స్టీరింగ్ తిప్పుతూ తానొక నియామకపత్రం రాశానని ఆ డ్రైవరుకు తెలియదు. 1927లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

1945లో ఇంటర్నేషనల్ షూ కేసు వచ్చింది. కంపెనీ ఉండేది సెయింట్ లూయీలో. వాషింగ్టన్ రాష్ట్రంలో పదకొండు నుంచి పదముగ్గురు సేల్స్‌మెన్‌ను పెట్టుకుంది. వాళ్లకు నమూనాగా జతలో ఒక్క బూటే ఇచ్చేది. నిరుద్యోగ నిధికి చందా కట్టమని రాష్ట్రం అడిగితే, మేమసలు ఇక్కడ లేమే అంది. ప్రధాన న్యాయమూర్తి స్టోన్ ఆ మాట ఒప్పుకోలేదు. రాష్ట్రంతో ప్రతివాదికి కనీస సంబంధాలుండి, దావా నడపడం ఫెయిర్ ప్లేకు భంగం కాకపోతే చాలన్నాడు. ఈ వరుసలో తిన్నగా ఆలోచించిన తీర్పంటే ఇదే. అప్పటి నుంచి కోర్టులు ఈ ఫెయిర్ ప్లే మాటను మనిషికి ఒక కొలతతోనూ, కంపెనీకి ఇంకో కొలతతోనూ వాడుతూ వచ్చాయి.

ముందు మనిషి సంగతి. మెంఫిస్ నుంచి డల్లాస్ వెళ్తున్న విమానం ఆర్కన్సా మీదుగా ఎగురుతుండగా, లోపల కూర్చున్న ప్రయాణికుడికి సమన్లు అందించారు. చెల్లుబాటేనని 1959లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. ప్రతివాది ఆర్కన్సాలో కాలు పెట్టలేదు గాని, కాలు ఆర్కన్సా పైన ఉంది. 1990 నాటి కేసు ఇంకా రుచికరం. న్యూజెర్సీలో ఉంటున్న భర్త పనిమీద కాలిఫోర్నియా వెళ్లి, అక్కడ తల్లి దగ్గరున్న పిల్లల్ని చూసి, ఒక బిడ్డను ఇంట్లో దిగబెడుతుంటే చేతిలో విడాకుల సమన్లు పెట్టారు. అతనున్నది మూడు రోజులు. సరిపోతుందన్న విషయంలో తొమ్మిదిమంది న్యాయమూర్తులకూ భేదాభిప్రాయం లేదు; ఎందుకు సరిపోతుందన్న విషయంలో మాత్రం అయిదుగురు ఒక మాట మీదికి రాలేదు. అనాదిగా ఇలాగే ఉందన్నాడు జస్టిస్ స్కాలియా. ఆ మూడు రోజులూ అతను కాలిఫోర్నియా రోడ్లు, పోలీసు, అగ్నిమాపక దళం అందించే రక్షణ అనుభవించాడన్నాడు జస్టిస్ బ్రెన్నన్. అక్కడ అతనేమీ తగలబడినట్టు రికార్డులో లేదు. ఇలా చేతికి సమన్లు అందితే, దావాకు ఆ రాష్ట్రంతో సంబంధం కూడా అక్కర్లేదు. ఏ దావా అయినా వెయ్యవచ్చు.

ఇప్పుడు కంపెనీ. న్యూజెర్సీ కార్మికుడొకరికి ఇంగ్లండులో తయారైన యంత్రంలో పడి నాలుగు వేళ్లు పోయాయి. ఒహాయోలోని పంపిణీదారు ద్వారా ఆ కంపెనీ అమెరికా అంతటా యంత్రాలు అమ్మబోయింది. 2011లో సుప్రీంకోర్టు న్యూజెర్సీ కోర్టుకు అధికారం లేదంది. కంపెనీ గురిపెట్టింది అమెరికాకట, న్యూజెర్సీకి కాదట. వేళ్లు మాత్రం న్యూజెర్సీలోనే తెగాయి.

దావాకు రాష్ట్రంతో సంబంధం లేకపోయినా కంపెనీని పిలవాలంటే, అక్కడ అది సొంత ఇంట్లో ఉన్నట్టుండాలని 2014లో డైమ్లర్ కేసులో తేల్చారు. ఇల్లంటే కంపెనీ ఇన్‌కార్పొరేట్ అయిన రాష్ట్రం, ప్రధాన కార్యాలయమున్న రాష్ట్రం. అంతకు మించితే అరుదు. 2017లో బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే వంతు. మోంటానాలో దానికి 2,000 మైళ్లకు పైగా పట్టాలు, 2,000 మందికి పైగా ఉద్యోగులు ఉన్నారు. ఆ రాష్ట్రంలో గాయపడని కార్మికుల తరఫున అక్కడ దావా పడితే, రైల్వేకు అది ఇల్లు కాదని కొట్టేశారు. మూడు రోజులు పిల్లల్ని చూడబోయిన తండ్రి దొరికాడు. రెండువేల మైళ్ల పొడవున ఇనుము పరిచిన కంపెనీ అక్కడ లేనే లేదు.

2021లో ఫోర్డ్ ఈ వరస ఎంతదాకా లాగవచ్చో పరీక్షించింది. మోంటానాలో ఎక్స్‌ప్లోరర్ కార్లకు ప్రకటనలిచ్చింది, అమ్మింది, మరమ్మతులు చేసింది. ప్రమాదం మోంటానాలో, చనిపోయిందీ మోంటానా మనిషే. అయినా ఆ కారును మొదట అమ్మింది వాషింగ్టన్‌లో కాబట్టి మోంటానా కోర్టుకు పనిలేదని వాదించింది. 8–0తో ఓడిపోయింది.

2023లో ఇంకో రైల్వే, నార్ఫోక్ సదర్న్, పెన్సిల్వేనియాలో దొరికిపోయింది. దావా వేసిన కార్మికుడు పనిచేసింది ఒహాయో, వర్జీనియాల్లో. పెన్సిల్వేనియాలో కంపెనీకి 2,400 మైళ్ల పట్టాలున్నాయి. అయితే వాటివల్ల కాదు దొరికింది. ఆ రాష్ట్రంలో వ్యాపారానికి రిజిస్టరు చేసుకుంటే ఎలాంటి దావాకైనా సమ్మతించినట్టేనని అక్కడి చట్టం. రైల్వే రిజిస్టరు చేసుకుంది. 5–4తో అది చాలన్నారు. పట్టాలు చెయ్యలేని పని ఫారం చేసింది. కాగితం మహిమ మామూలు ప్రయాణికులకు 1991లోనే తెలిసింది. ఓడలో జారిపడిన వాషింగ్టన్ రాష్ట్రపు మహిళ సొంత రాష్ట్రంలో దావా వేస్తే, దావాలన్నీ ఫ్లోరిడాలోనే వెయ్యాలని టికెట్ మీద ఉందన్నారు. ఆ టికెట్ డబ్బు కట్టాక వచ్చింది. ఇలాంటి షరతుల వల్ల చార్జీలు తగ్గి ప్రయాణికులకే లాభమని సుప్రీంకోర్టు ఓదార్చింది.

విడాకుల దగ్గర ప్రతివాదిని పట్టుకోవాల్సిన శ్రమ కూడా లేదు. వాది ఆ రాష్ట్ర నివాసి అయితే వివాహం రద్దు చెయ్యవచ్చు. భరణానికి, ఆస్తికి మాత్రం రెండోవారి మీద అధికారం ఉండాలి. 1931 నుంచి నెవాడాలో ఆరు వారాలుంటే నివాసి అయిపోయినట్టే. మిస్సోరిలో 90 రోజులు. లూసియానాలో ఉంటున్న ఒక తెలుగు భర్త ఆ 90 రోజుల లెక్క చూపించి సెయింట్ లూయీ కౌంటీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. పెళ్లయింది 1975లో, తిరుపతిలో. మీకు నా మీద అధికారం లేదని భార్య జవాబు పంపినా, 1980లో ఆమె లేకుండానే డిక్రీ ఇచ్చారు. తర్వాత అతను యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, ఆమె లొంగని కోర్టు ఇచ్చిన ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో భారత సుప్రీంకోర్టు తేల్చి, క్రిమినల్ కేసు నడపమని మేజిస్ట్రేటును ఆదేశించింది.