గృహమె గతియొ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి రాజధాని కొలంబస్. ఆ ఊరి ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి ఒక ఫుట్‌బాల్ జట్టుంది. ఫుట్‌బాల్ అన్నారు కదా అని కాలితో తన్నే ఆట అనుకోకండి, ఇది కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన ఇరికించుకుని పరిగెత్తే ఆట. 1922లో గుర్రపు నాడా ఆకారంలో కట్టిన స్టేడియంలో శనివారాలు లక్షకు పైగా జనం ఎర్ర చొక్కాలు తొడుక్కుని కూర్చుంటారు. ఆడేవాళ్లు ఇరవై యేళ్ల కాలేజీ కుర్రాళ్లు. చూసేవాళ్లలో తాతలు, మనవలు, కొలంబస్‌లో కాపురం పెట్టిన మన తెలుగువాళ్లు కూడా ఉంటారు.

2012లో వీరికి కలిగిన శోకం ఈ పద్యానికి వస్తువు. శోకం శ్లోకం కావాలని సంప్రదాయం. అయితే ఆ అభిమానుల్లో ఎవరూ ఛందస్సు జోలికి పోలేదు కనుక పద్యాన్ని కూడా టీకాకారుడే కట్టుకోవలసి వచ్చింది. మూలకర్తా, వ్యాఖ్యాతా ఒకరే కావడం వల్ల ఒక సౌఖ్యం ఉంది. కవి హృదయం ఇది కాదని రేపు ఎవరూ తగాదాకు రారు.

మూలం

ఆ. ఓడినట్టి యేట నూరేగితిమి గద
గెలిచినట్టి యేట గృహమె గతియొ
పచ్చబొట్టు కొరకు పాపమెవ్వరిదయ్య
వీపులెవరివయ్య వేటు పడగ

ప్రతిపదార్థం

ఓడినట్టి యేటన్ = 2011వ సంవత్సరమందు. ఆ ఏడు జట్టు పన్నెండు పోటీలాడి ఆరు గెలిచింది, ఆరు ఓడింది. ఓడిన వాటిలో మిషిగన్ యూనివర్సిటీతో ఆడినది కూడా ఉంది. (ఈ నామాన్ని ఉచ్చరించినందుకు టీకాకారుణ్ణి కొలంబస్ వాసులు క్షమింతురు గాక. ఆ జట్టుతో పోటీ ఉన్న వారం ఒహాయో క్యాంపస్‌లో బోర్డుల మీది ఎం అక్షరాలన్నిటికీ ఎర్ర ఇంటూ గుర్తులు పడతాయి. అక్షరానికే మైల అంటగట్టిన భక్తి అది.)

ఊరేగితిమి గద = ఊరేగింపుగా వెళ్లాం కదా. సీజన్ ముగిశాక, డిసెంబరు, జనవరి నెలల్లో, ఎక్కువగా ఎండ కాసే ఊళ్లలో బౌల్ అనే పేరుతో ఉత్సవపు పోటీలు జరుగుతాయి. సగం పోటీలు గెలిస్తే చాలు, పిలుపు అందుకోవచ్చు. అలా ఆరు ఓటముల జట్టుకూ పిలుపొచ్చింది. 2012 జనవరి 2న ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌లో గేటర్ బౌల్‌కు వెళ్లి, ఫ్లారిడా యూనివర్సిటీ చేతిలో 24-17తో ఓడి వచ్చింది. ఊరేగింపు పల్లకీకి అదీ ముచ్చట.

గెలిచినట్టి యేటన్ = 2012వ సంవత్సరమందు. అర్బన్ మేయర్ అనే కొత్త కోచ్ వచ్చాడు. పన్నెండు పోటీలకు పన్నెండూ గెలిచారు. అక్టోబరులో పర్డ్యూతో పోటీలో, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ దెబ్బ తగిలి బయటికి పోయాడు. అతని బదులు దిగిన కెన్నీ గైటన్ అనే ఆటగాడు ఆఖరి క్షణాల్లో స్కోరు సమం చేశాడు, అదనపు సమయంలో జట్టు నెగ్గింది. గుండె జబ్బున్నవాళ్లు ఆ సీజన్ చూడకుండా ఉండాల్సింది.

గృహమె గతియొ = ఇల్లే దిక్కా! ఈ పదం దగ్గర కాస్త ఆగాలి. డిసెంబరు 1న ఇండియానాపొలిస్‌లో వీరి బిగ్ టెన్ కూటమి చాంపియన్‌షిప్ పోటీ జరిగింది. ఒహాయో స్టేట్ ఉన్న విభాగంలో మొదటి స్థానం దానిదే, కానీ ఆ ఏడు నిషేధం ఉంది (ఎందుకో "వేటు" దగ్గర చూడండి) కనుక పోకూడదు. రెండోది పెన్ స్టేట్, దానికీ నిషేధమే. (ఆ నిషేధం వెనక ఉన్నది పసిపిల్లల మీద జరిగిన ఘోరం. దాని మీద టీకాలు రాయరాదు.) కాబట్టి మూడో స్థానంలో ఉన్న విస్కాన్సిన్ 7 గెలుపులు, 5 ఓటములతో వెళ్లి నెబ్రాస్కాను 70-31తో చితకబాదింది. ఆ విస్కాన్సిన్‌నూ, ఆ నెబ్రాస్కానూ ఆ ఏడే ఒహాయో స్టేట్ ఓడించింది. తాము ఓడించిన ఇద్దరు తమ కిరీటం కోసం కొట్టుకుంటుంటే, కొలంబస్ జనం ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశారు. "గృహమె" అన్నచోట ఎకారం ఊరికే పడలేదని గ్రహించేది.

పచ్చబొట్టు కొరకు = టాటూల నిమిత్తం. ఐదుగురు ఆటగాళ్లు తమకొచ్చిన ఉంగరాలు, జెర్సీలు వగైరా కొలంబస్‌లోని ఒక పచ్చబొట్ల దుకాణదారుకు అమ్ముకుని, డబ్బూ చవక పచ్చబొట్లూ పుచ్చుకున్నారు. అమ్మిన వాటిలో బంగారు పంట్లాములున్నాయి. మిషిగన్‌ను ఓడించిన ఏడు ఒహాయో స్టేట్ ఆటగాళ్లకు మెడలో వేసుకునేపాటి చిన్న బిళ్ల ఇస్తారు, అది ఆటగాడి పంట్లాం ఆకారంలో ఉంటుంది. 1934లో ఫ్రాన్సిస్ ష్మిట్ అనే కోచ్, మిషిగన్‌వాళ్లూ మనలాగే ఒక్కో కాలూ దూర్చి పంట్లాం తొడుక్కునే మనుషులేనని కుర్రాళ్లకు ధైర్యం చెప్పాడట. అప్పట్నుంచీ వచ్చిన ఆచారం. అభిమాని దృష్టిలో అది తాళిబొట్టంత. ఆటగాడి చట్టబద్ధ ఆదాయం మాత్రం అప్పట్లో స్కాలర్‌షిప్పే.

పాపమెవ్వరిదయ్య = దోషం ఎవరిది? "ఊరేగితిమి" అని మొదటి పాదంలో ఉత్తమపురుషలో మొదలుపెట్టిన అభిమాని, పాపం దగ్గరికొచ్చేసరికి "ఎవ్వరిది" అంటున్నాడు. మేము అన్న మాట ఇక్కడినుంచి పద్యంలో కనపడదు.

వేటు = శిక్ష. కాలేజీ ఆటల మీద పెత్తనం చేసే ఎన్‌సీఏఏ 2011 డిసెంబరు 20న ప్రకటించింది: 2012 సీజన్ అనంతరం ఏ పోటీలోనూ ఆడకూడదు, మూడేళ్లలో తొమ్మిది స్కాలర్‌షిప్‌లు కోత. శిక్ష వెలువడిన రెండు వారాలకు గేటర్ బౌల్ ఊరేగింపు జరిగింది. అది పాత సీజన్ ఖాతా కనుక అడ్డు లేదు!

వీపులెవరివయ్య = ఎవరి వీపులు? 2012 జట్టులో ఆ ఐదుగురిలో ఒక్కడూ లేడు. వారిలో ముఖ్యుడు టెరెల్ ప్రయర్ 2011 వేసవిలోనే డబ్బిచ్చే ఆటకు వెళ్లిపోయాడు. సంగతి తెలిసీ దాచిన కోచ్ జిమ్ ట్రెసెల్ 2011 మే 30న రాజీనామా చేశాడు. 2012లో జట్టును నడిపించిన మిల్లర్, ప్రయర్ ఆఖరి సీజన్ ఆడుతున్నప్పుడు హైస్కూలు కుర్రాడు.

తాత్పర్యం

చెడ్డ ఏడాది పండక్కి పంపి, మంచి ఏడాది ఇంట్లో కూర్చోబెట్టారే, చేసినవాడొకడు, అనుభవించినవాడొకడు అయ్యాడే అని భావం. పద్యంలో ఇంతే ఉంది. అభిమాని కడుపులో ఉన్నది మరికొంత.

పూర్వపక్షం

వట్టి పచ్చబొట్లకు ఇంత శిక్షా అని అభిమాని వాదన. ఇది సగమే. ఆటగాళ్లు అమ్ముకోవడం ఒకటి, 2010 ఏప్రిల్‌లోనే ఈ-మెయిళ్ల ద్వారా విషయం తెలిసిన కోచ్ నెలల తరబడి నోరు విప్పకపోవడం మరొకటి. ఇవి సర్దుకుంటున్నాయనుకునే వేళకు జట్టుకు దగ్గరివాడైన ఒక శ్రీమంతుడు ఆటగాళ్లకు అప్పనంగా డబ్బిచ్చిన వ్యవహారం బయటపడింది. కాపలా సరిగా లేదన్న అభియోగం అప్పుడు గట్టిగా అంటుకుంది. పద్యంలో పచ్చబొట్టుకే చోటిచ్చి మిగతా రెంటినీ వదిలేయడం కవి చేసిన లాయరు పని.

అభిమాని అసలు ఏడుపు శిక్ష పడినందుకు కాదు, ముహూర్తం తప్పినందుకు. అథ్లెటిక్ డైరెక్టర్ జీన్ స్మిత్ 2011లోనే, ఆ ఆరు ఓటముల జట్టును "మేమే బౌల్‌కు వెళ్లం" అని ఆపేసి ఉంటే, ఎన్‌సీఏఏ అంతటితో సరిపెట్టుకునేదేమో, 2012 తలుపులు తెరుచుకునేవేమో. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజే ఏకాదశి ఉపవాసమని ప్రకటించే గడసరి ఇల్లాలి తెలివి అది. ఫ్లారిడాలోని మయామి యూనివర్సిటీ సరిగ్గా ఆ పనే చేసింది. తన మీద విచారణ నడుస్తుండగా 2011, 2012 రెండేళ్లూ స్వయంగా బౌల్ మానుకుంది, 2013లో తీర్పు వచ్చినప్పుడు కొత్తగా నిషేధం పడలేదు. స్మిత్ అంత దూరం పోదనుకున్నాడు. కొలంబస్‌లో ఆయన పేరెత్తితే నేటికీ ఈ ఘట్టమే ముందు వస్తుంది.

2013 జనవరి 7న మయామిలో జరిగిన జాతీయ ఫైనల్లో, తమలాగే పన్నెండూ గెలిచి వచ్చిన నోటర్ డామ్‌ను అలబామా 42-14తో తొక్కేసింది. ఆ స్థానంలో మనముంటే, అన్న సమాసం అప్పటినుంచి వాడుకలో ఉంది. ఉంటే గెలిచేవాళ్లమని అనేవాళ్లు బహుశా ఆనాటి అలబామాను సరిగా చూడలేదు. ఇంత ఘోరంగా ఓడేవాళ్లం కాదు, అనేవాళ్లతో టీకాకారుడికి పేచీ లేదు.

రసవిచారం

కరుణమా, రౌద్రమా? 2012 నవంబరు 24న జరిగినదాన్ని బట్టి వీరమనే చెప్పాలి. ఆనాడు సొంతగడ్డ మీద మిషిగన్‌ను 26-21తో ఓడించి నిషిద్ధ సీజన్ ముగించారు. ఆ పోటీ నడుమ, 2002లో జాతీయ టైటిల్ గెలిచిన పాత జట్టుకు సన్మానం జరిగింది. నాటి ఆటగాళ్లు తమ కోచ్‌ను భుజాల మీదికెత్తుకున్నారు. స్టేడియమంతా హోరెత్తింది. ఆ కోచ్ ఎవరంటే, జిమ్ ట్రెసెల్. ఎవరు నోరు మెదపకపోవడం వల్ల ఆ సాయంత్రంతో సీజన్ ముగిసిపోతోందో ఆయనే! పాపమెవ్వరిదయ్య అన్న ప్రశ్నకు లక్షమంది ఇచ్చిన జవాబు ఇది. మిషిగన్ మీద పదిసార్లు తలపడి తొమ్మిదిసార్లు నెగ్గినవాడికి పాపం అంటదు. 2025లో ఆయన ఒహాయోకు లెఫ్టినెంట్ గవర్నర్ కూడా అయ్యాడు.

పాఠాంతరం

నాలుగో పాదానికి ఇంకొక పాఠం ఉంది:

వీపులెవరివైన వేటు పడుత!

ఇది 2025 ఆగస్టు నాటి ప్రతుల్లో కనిపిస్తుంది. ప్రత్యర్థుల సైగల్ని దొంగచాటుగా సేకరించిన కేసులో మిషిగన్‌కు అప్పుడు తీర్పొచ్చింది. సీజన్ అనంతర నిషేధం వేయదగిన నేరమేనని ఎన్‌సీఏఏ కమిటీ అంది. కానీ చేసినవాళ్లు వెళ్లిపోయారు, ఇప్పుడున్న కుర్రాళ్లను శిక్షించడం అన్యాయమని చెప్పి, కోట్ల డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. పదమూడేళ్లుగా కొలంబస్ మొత్తుకుంటున్న ధర్మసూత్రం ఎట్టకేలకు ధర్మాసనం నోట వెలువడింది, అదీ మిషిగన్ వీపు కాపాడటానికి! అభిమానులు హర్షించారని ఏ చరిత్రకారుడూ రాయడు. మునుపు "ఎవరివయ్య" అని కంటతడి పెట్టినవారు "ఎవరివైన" అని పళ్లు కొరికారు. గణాలు, యతి రెండు పాఠాల్లోనూ కుదిరాయి. అభిమాని మనసుకు రెండోదే సహజపాఠమని టీకాకారుడి అభిప్రాయం.

గ్రంథపాతం

2010 సీజన్ అధ్యాయంలో ఒకచోట తాటాకు చినిగింది. జట్టు 12 గెలిచి ఒకటి ఓడింది. పచ్చబొట్ల గోలలో ఆ 12 గెలుపులనూ యూనివర్సిటీ తనంతట తానే రద్దు చేసుకుంది. ఓటమిని రద్దు చేసే విధి శాస్త్రంలో లేదు. కనుక విస్కాన్సిన్‌తో ఓడిన ఆ ఒక్క పోటీ మాత్రం చెక్కుచెదరక మిగిలి, ఏడాది లెక్క 0-1 అయింది. 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరూ ముఖమూ చూపించి డబ్బు సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ అనుమతించింది. ఆ నెలలోనే ఆ ఐదుగురు తమ రికార్డులు, ఆ గెలుపులు తిరిగి రాయండని కోరారు. ఆ చినుగు అలాగే ఉంది. అందులో పోయినవాటిలో మిషిగన్‌ను 37-7తో ఓడించిన పోటీ ఒకటి. ఆ ఒక్క పత్రానికి మాత్రం కొలంబస్‌లో చేతిరాత నకళ్లు దొరుకుతూనే ఉంటాయి.