మోకాటి లోతు గుట్టు

వ్యక్తిగత గోప్యతను కాపాడుకోవడానికి లోకంలో మనుషులు తలుపులు, పరదాలు, తాళాలు వాడతారు. నెల్లూరులో లక్షల జనాన్ని వాడతారు.

మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండగే ఇందుకు తార్కాణం. 2015లో రాష్ట్ర పండగ హోదా దక్కిన ఈ వేడుకలో పద్ధతి చాలా తేలిక. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలోకి దిగి, అదే కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె అందుకుంటారు. తమ కోరిక కూడా తీరితే మరుసటేడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఏ మతమైనా పట్టింపు లేదు. చిక్కల్లా ఒకటే: కావలసిన రొట్టె దొరకాలంటే నోరు విప్పి అడగాలి. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె. డాక్టరు గదిలో సైతం గొంతు తగ్గించి చెప్పే సంగతిని ఇక్కడ మోకాటి లోతు నీళ్లలో నిలబడి "సంతాన రొట్టె ఎవురి కాడుందమ్మా?" అని కేకేస్తారు. "ఇటు రామ్మా, నేను పోయినేడు తీసుకున్నా, పాప పుట్టింది" అని అవతలి నుంచి జవాబొస్తుంది. రెండు ఇళ్ల సంగతులూ బయటపడ్డాయి. పేర్లు చెప్పుకోవలసిన పని మాత్రం ఇద్దరికీ పడలేదు.

అదే ఇల్లాలిని పెళ్లి పందిట్లో పినత్తగారు "ఏమ్మా, విశేషమేమన్నా ఉందా?" అని అడిగితే, విస్తట్లో ఉన్న పాయసం మీద ఆమెకు హఠాత్తుగా శ్రద్ధ పుట్టుకొస్తుంది. ఈ రెండు ప్రవర్తనలకూ పొంతన కుదురుతుంది. చెరువులో విన్నవాళ్లు సాయంత్రానికి కనిగిరికో కడపకో బస్సెక్కి పోతారు. పినత్తగారు ఎక్కడికీ పోరు. చెప్పిన మాట చెప్పిన చోటు దాటి పోవడమే గోప్యతకు భంగమని అమెరికాలో హెలెన్ నిస్సెన్‌బామ్ అనే పండితురాలు 2004లో సిద్ధాంతీకరించారు. చెరువులో దిగేవాళ్లు ఆ సిద్ధాంతం కోసం ఎదురు చూడలేదు.

ఇతర దేశాల లెక్కలు వేరు. జర్మన్లకు ఇంటి గోడ కూడా సొంత విషయమే. 2010లో గూగుల్ వీధి చిత్రాల్లో తమ ఇళ్లను మసక చేయమని అక్కడ సుమారు 2,44,000 ఇళ్లవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. పేరు, డిగ్రీలు, రిటైరైన హోదాతో సహా గేటు పక్కన పాలరాతి మీద చెక్కించుకునే ఊరికి ఈ బాధ అర్థం కావడం కష్టం. నార్వేలో ఇందుకు తలకిందులు. ఎవరి ఆదాయమెంతో, పన్నెంత పడిందో ఎవరైనా చూసుకోవచ్చు. 2014లో ఒక మెలిక పెట్టారు: తన వివరాలు ఎవరు చూశారో ఆ మనిషికి కూడా తెలుస్తుంది. దాంతో చూసేవాళ్లు బాగా తగ్గిపోయారు. నెల్లూరులో ఆ మెలిక పారదు. "జీతమెంతొస్తుందబ్బయా?" అని రైల్లో ఎదురు సీట్లో కూర్చుని అడిగే పెద్దమనిషికి, తాను అడిగినట్టు తెలిసిపోతుందేమోనన్న బెంగ ఎందుకుంటుంది?

గోప్యత విషయంలో మన కోర్టులు నింపాదిగా నడిచాయి. భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఉత్తర్వుతో ఒత్తిడి చేయడం ఆమె గోప్యతకు భంగమని 1983లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పిచ్చారు. మరుసటేడే సుప్రీంకోర్టు అది కుదరదంది. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకునేసరికి 2017 ఆగస్టు 24 వచ్చింది. 2023లో వచ్చిన చట్టం, జనం వివరాలను భద్రంగా ఉంచలేని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసింది. కాకపోతే అది డిజిటల్ సమాచారానికే వర్తిస్తుంది. సొంతానికి, ఇంటి అవసరాలకు వాడుకునేవారికి వర్తించదు. పినత్తగారు రెండు దారుల్లోనూ బయటపడ్డారు: ఆమె జ్ఞాపకశక్తి డిజిటల్ కాదు, ఆమె ఆసక్తి అంతా ఇంటి వ్యవహారమే.

ఇప్పుడు చెరువులోని గుట్టుకూ ప్రమాదం వచ్చింది. "ఏ రొట్టె కోసం వచ్చారమ్మా?" అంటూ యూట్యూబ్ మైకులు నీళ్లలోకి దిగుతున్నాయి. ఆ మాట సాయంత్రానికల్లా పినత్తగారి ఫోనుకు చేరుతుంది. తెలివైనవాళ్లు మైకు ముందు ఆరోగ్య రొట్టె అని చెప్పి తప్పుకుంటారు. ఆరోగ్యం ఎవరికి అక్కర్లేదు గనక, దాన్నిబట్టి పినత్తగారు కూడా ఏమీ తేల్చలేరు.