నా అవలక్షణాలకు తగిన ఊరు

చిన్నప్పటి నుంచీ ఇంట్లో నా మీద నాలుగు నేరాలున్నాయి. కొట్టు దగ్గర నిలబడితే కబుర్లలో పడి కదలననేది మొదటిది. భోజనానికి కూర్చుంటే ఓ పట్టాన లేవననేది రెండోది. ఎక్కడికైనా ఆలస్యంగా వెళ్తాననేది మూడోది. ఏ పని చెడినా నెపం ఇంకోళ్ల మీదకి నెట్టేస్తాననేది నాలుగోది. రాజమండ్రిలో ఈ నాలుగింటికీ మా అమ్మ, నాన్న, మేనత్తలు, ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు వంతులేసుకుని చీవాట్లు పెట్టేవారు. వాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. ఒకసారి తులూజ్ రండి. ఇక్కడ వీటిని నాగరికత అంటారు.

తులూజ్ ఫ్రాన్సుకి నైరుతి మూల, గరోన్ నది ఒడ్డున ఉంది. దగ్గర్లో రాతి క్వారీలు లేక, ఏటి మట్టితో ఇటుకలు కాల్చి కట్టుకున్న ఊరు. సాయంత్రం ఎండ పడితే గోడలన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి. ఎయిర్‌బస్ విమానాలు తయారయ్యేదీ ఇక్కడే. ఆ విమానాల పుణ్యమా అని మాలాంటి సాఫ్ట్‌వేర్ జీవులు కొంతమందిమి ఇక్కడికొచ్చి పడ్డాం.

ముందు కబుర్ల సంగతి. పొద్దున్నే మా వీధి బేకరీలోకి అడుగుపెట్టగానే 'బాంజూర్' అనాలి. కౌంటర్లో ఉన్నావిడకే కాదు, వరసలో నిలబడ్డ పదిమందికీ కలిపి. ఆ తర్వాత ఎవరి వంతు వాళ్లది, వంతు వచ్చాక కాలం కూడా వాళ్లదే. నా ముందున్న పెద్దావిడ రొట్టె మరీ మాడకుండా, మరీ తెల్లబోకుండా ఉన్నది ఏరించుకుంటుంది. తర్వాత తన కుక్కకి వచ్చిన అజీర్తి గురించి, అల్లుడికి రాని ప్రమోషన్ గురించి చెబుతుంది. వెనక ఒక్కరు దగ్గరు. ఎందుకు దగ్గాలి? తమ వంతులో చెప్పుకోవడానికి ఎవరి కుక్క వాళ్లకుంది.

ఆ రొట్టె కూడా సామాన్యమైంది కాదు. 'సంప్రదాయ బగెత్' అని పేరు పెట్టి అమ్మాలంటే 1993లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం చేయాలి. పిండి, నీళ్లు, ఉప్పు, పులియడానికి కావలసిన సరుకు, అంతే. పిండిని ఎక్కడా ఫ్రీజర్లో పెట్టకూడదు. బగెత్ చేసే విద్యని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. అంత గౌరవనీయమైన రొట్టెని చంకలో పెట్టుకుని, కొసలు తుంచుకు తింటూ నడుస్తారు జనం. మా ఇంటికి చేరేసరికి దానికి తల ఉండదు. ఈ విషయంలో మా ఆవిడ నన్ను నిలదీయడం మానేసింది. ఆవిడ తెచ్చిన రోజున తోక కూడా ఉండటం లేదు.

మందుల షాపులో అయితే కబుర్లకి ప్రాణం నిలిపే విలువ ఉంది. వానలు పడ్డాక అడవికెళ్లి పుట్టగొడుగులు ఏరుకొచ్చినవాళ్లు బుట్టతో సహా ఫార్మసీకి వెళ్లి, ఇవి తింటే బతుకుతామా అని అడగొచ్చు. ఫార్మసీ చదువులో ఆ పాఠం కూడా ఉంటుంది. దగ్గుమందు కోసం వెళ్లిన నేను ఒక్కో పుట్టగొడుగు జాతకం మొదటి నుంచి చివరిదాకా వింటాను. దగ్గు ఈలోగా దానంతటదే తగ్గుతుంది.

ఇక భోజనం. పనిచేసే చోట ఉద్యోగుల్ని తిననివ్వకూడదని ఫ్రెంచి కార్మిక చట్టంలో ఏకంగా ఒక నిబంధనే ఉంది. కోవిడ్ రోజుల్లో తాత్కాలికంగా సడలించారు గానీ, దేశం దాన్ని గర్వంగా చెప్పుకోలేదు. కంప్యూటర్ ముందు డబ్బా విప్పి కలుపుకు తినేవాణ్ణి ఇక్కడ కష్టజీవి అనరు, అయ్యో పాపం అంటారు. పన్నెండు నుంచి రెండు దాకా చాలా కొట్లు మూతే. కొనేవాడూ తినాలి, అమ్మేవాడూ తినాలి.

ఇక్కడో చిత్రం ఉంది. శబ్దం కంటే రెండింతల వేగంతో పోయే కాంకర్డ్ మొట్టమొదట గాల్లోకి లేచింది ఈ ఊళ్లోనే, 1969 మార్చి 2న. ఎన్నింటికనుకున్నారు? మధ్యాహ్నం మూడున్నర దాటాక. పొద్దున మంచు వల్ల ఆలస్యమైందని చరిత్రకారులు అంటారు. నా అనుమానాలు నాకున్నాయి.

విక్టర్ హ్యూగో మార్కెట్లో కింద చేపలు, మాంసం, చీజ్ అమ్ముతారు. పై అంతస్తులో హోటళ్లు. అక్కడ కూర్చుని తింటున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారో చెవి ఒగ్గి వినండి. రాత్రికి ఏం తినాలి అని. కసూలే గురించి ఎత్తితే ఇక సాయంత్రమే. తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం, సాసేజ్ మట్టిపాత్రలో గంటల తరబడి ఉడికించే వంటకం ఇది. అసలుది మాదంటే మాదని తులూజ్, కర్కసోన్, కాస్టెల్నోదరి తరతరాలుగా కొట్టుకుంటున్నాయి. వంద కిలోమీటర్ల లోపు ఉన్న మూడు ఊళ్లు! ఆవకాయలో వెల్లుల్లి ఉండాలా వద్దా అని పెళ్లిళ్లలో విడిది ఇంట్లో జరిగే యుద్ధాలు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి, నేను ఎవరి పక్షమూ మాట్లాడకుండా అందరి దగ్గరా తింటాను.

మూడోది ఆలస్యం. సాయంత్రం ఏడున్నరకి రమ్మని ఎవరైనా పిలిస్తే ఏడున్నరకే గంట కొట్టడం మోటుతనం. ఇంటావిడ తల ఆరబెట్టుకుంటూ ఉండొచ్చు. పావుగంట ఆలస్యంగా వెళ్లడమే మర్యాద. ఆ పావుగంటకి ఊరి పేరే పెట్టుకున్నారు, 'తులూజ్ పావుగంట' అని. "ఏవండీ, టైమైపోతోంది" అని మా ఆవిడ కేకేస్తే, "ఇంకా పది నిమిషాల మర్యాద మిగిలుంది" అంటాను సోఫాలోంచి. గోదావరి జిల్లావాడికి పావుగంటేం సరిపోతుందని మీరనొచ్చు. నిజమే. ఏ దేశమైనా ముందు పావుగంటే ఇస్తుంది. మిగతా ముప్పావు మన కష్టార్జితం.

నాలుగోది నెపం. దీనికి ఈ ఊళ్లో ప్రకృతి సహకారం ఉంది. ఆగ్నేయం నుంచి ఓతాన్ అనే గాలి వీస్తుంది. మొదలెడితే మూడు రోజులో, ఆరో, తొమ్మిదో వీస్తుందని పెద్దల మాట. దానికి 'వెర్రిగాలి' అని పేరు. తలనొప్పి వచ్చినా, పిల్లలు క్లాసులో అల్లరి చేసినా, మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నా ఓతానే కారణం. ఆ గాలి రోజుల్లో నా ప్రోగ్రాం ఆడకపోతే, మా ఆఫీసులో పెద్దాయన కిటికీ వైపు చూసి తలాడిస్తాడు. రాజమండ్రిలో గాలి తిరుగుళ్లని నన్ను తిట్టేవారు. ఇక్కడ గాలినే తిడతారు.

ఇవి కాక, పరాయితనం తెలియనివ్వని సౌకర్యాలు కొన్ని ఉన్నాయి. మెట్రోలో స్టేషన్ పేరు ముందు ఫ్రెంచిలో, తర్వాత స్థానిక భాష ఆక్సిటన్‌లో చెబుతారు. కునుకు తీసేవాడికి రెండో అవకాశం. ఏడాది చివర పోస్టుమాన్ క్యాలెండర్లు పట్టుకుని తలుపు తడతాడు. ధర ఉండదు, తోచింది ఇవ్వాలి. ఆయన వెనకే ఫైర్ స్టేషన్ వాళ్లు. దసరా మామూళ్లు ఎరిగినవాణ్ణి, నాకెవరూ వివరించక్కర్లేకపోయింది. ప్రతినెలా మొదటి బుధవారం మధ్యాహ్నం ప్రమాద హెచ్చరిక సైరన్లు పరీక్షిస్తారు. ఒక్కరూ తలెత్తి చూడరు. శత్రువు ఎవరైనా తెలివైనవాడైతే ఆ వేళకే వస్తాడు. వచ్చినా కొట్లన్నీ మూసి ఉంటాయి, ఏం దోచుకుంటాడు?

ఆదివారాలు చూడాలి. పొద్దున్న సెంతోబాన్ చర్చి చుట్టూ సంత. మధ్యాహ్నానికి ఊరు చాప చుట్టేస్తుంది. కొనడానికి ఏమీ ఉండదు కాబట్టి జనం గరోన్ ఒడ్డున గడ్డిలో చేరి ఊరికే కూర్చుంటారు. వెడల్పులో ఆ నది మా గోదావరికి ఏ మూలకీ రాదు. కానీ ఏటి ఒడ్డున పనిలేకుండా కూర్చోవడంలో నాకు అనుభవం ఉంది, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, పరుపు కొనాలె, షాపులన్నీ బంద్ ఉన్నయ్."

"రేపు చాలామంది తియ్యరమ్మా, సోమవారం. మంగళవారం పన్నెండు లోపు వెళ్లు. లేదంటే రెండు దాటాక. గురువారం మాత్రం పెట్టుకోకు, సమ్మె ఉందంటున్నారు."

అటువైపు కాసేపు మాటల్లేవు. తర్వాత, "ఇదేం ఊరన్నా! పైసలిస్తనన్నా తీస్కునేటోడు లేడు!" అన్నాడు.

ప్రస్తుతానికి తిట్టుగానే అన్నాడు. నేనేం కంగారు పడలేదు. వచ్చే ఏడాది ఈపాటికి ఇదే మాట వాళ్లమ్మతో ఫోనులో గొప్పగా చెబుతాడు.