ఎస్టిమేటు బాబాయి

తిరువూరు బోసుబొమ్మ సెంటర్‌లో ఎవరి ఉద్యోగమైనా ఊడితే ఆ కబురు వాళ్లింటికంటే ముందు ఎస్టిమేటు బాబాయికి చేరుతుంది. ఓదార్చడం ఆయనకు చేతకాదు. జేబులోంచి చిన్న నోటుబుక్కు, చెవి మీంచి పెన్సిలు తీసి, "కేసు వేద్దామనేనా? అయితే ముందు ఖర్చు తేల్చుకుందాం" అంటాడు. టీ డబ్బులు మాత్రం ఉద్యోగం పోయినవాడే ఇవ్వాలి. బాబాయి లెక్కలో కేసు ఖర్చుకు అదే మొదటి పద్దు.

ఇలాంటి బాబాయిలు మైలవరంలోనూ ఉంటారు, విస్సన్నపేటలోనూ ఉంటారు. తిరువూరు బాబాయి ఒకప్పుడు మామిడి తోటలు కౌలుకు పట్టేవాడు. పూత చూసి కాపు ఎంతో చెప్పి, అంత సొమ్మూ ముందే పెట్టే వ్యాపారం. అందులో చేతులు కాల్చుకున్నాక ఆయనకు తన లెక్కల మీద గురి ఇంకా పెరిగింది.

ఈమధ్య ఆయనకు దొరికినవాడు ఓ మిల్లులో కాటా గుమాస్తా. నెలకు 13,000 జీతం, 12 ఏళ్ల సర్వీసు. "రేపట్నుంచి రావద్దు" అని నోటిమాటతో పంపేశారు. బాబాయి పేజీ మధ్యలో నిలువుగీత గీశాడు. ఎడమపక్క "పోయేది", కుడిపక్క "వచ్చేది".

పోయేదాని కింద మొదట కోర్టు ఫీజు పడింది. బాబాయి చూసిన కోర్టు వ్యవహారమంతా ప్రామిసరీ నోటు దావాలే. అక్కడ దావా మొత్తాన్నిబట్టి ఫీజు కట్టాలి కాబట్టి ఇక్కడా కట్టాల్సిందేనని ఆయన నమ్మకం. లేబర్ కోర్టులో కార్మికుడు వేసే క్లెయిముకు కోర్టు ఫీజు ఉండదని పక్క బల్ల మీదున్న యూనియన్ మనిషి చెప్పాడు. బాబాయి అంకె కొట్టేయలేదు. దాని పక్కన "ఇతరములు" అని రాసుకున్నాడు.

తర్వాత లాయరు ఫీజు. సీనియరైతే ఇంత, జూనియరైతే ఇంత, సీనియరని చెప్పి జూనియర్ని పంపితే ఇంత. మూడు రేట్లూ రాసి, మూడూ కూడేశాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం లాయర్ని అంత తేలిగ్గా లోపలికి రానివ్వలేదు. లేబర్ ఆఫీసర్ ముందు జరిగే రాజీ చర్చల్లో లాయరుకు చోటే లేదు. కోర్టులోనైనా ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, కోర్టు అనుమతి ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ పద్ధతినే ఉంచింది. కార్మికుడి తరఫున యూనియన్ నాయకుడే నిలబడి మాట్లాడొచ్చు.

అయినా లాయరే కావాలంటే, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఉంది. ఉచిత న్యాయ సహాయానికి అర్హులెవరో అందులో ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలతోపాటు పారిశ్రామిక కార్మికుడు కూడా ఆ జాబితాలో ఉన్నాడు. అతని ఆదాయం ఎంతని అడగరు. ఈ మాట వినగానే బాబాయి ముఖం వాడిపోయింది. ఉచితంగా వచ్చేదాన్ని ఏ పద్దులో వేయాలో ఆయనకు తెలియదు.

ప్రయాణాల దగ్గరికొచ్చేసరికి మళ్లీ హుషారెక్కింది. ఉమ్మడి కృష్ణా జిల్లా కార్మికుల కేసులు చాలాకాలంగా వెళ్తున్నది గుంటూరు లేబర్ కోర్టుకు. తిరువూరులో తెల్లవారుజామున బస్సెక్కి, ఏ.కొండూరు, మైలవరం, ఇబ్రహీంపట్నం దాటి, బెజవాడలో బస్సు మారాలి. రానూపోనూ చార్జీలు, టిఫిను, భోజనం, ఇస్త్రీ చొక్కా, జెరాక్సులు అన్నీ పడ్డాయి. గెలిస్తే నెమలి వేణుగోపాలస్వామి దర్శనం, ఓడిపోతే మనశ్శాంతికి అదే దర్శనం. రెండూ రాశాడు. అంతలో ఓ ఆలోచన తట్టింది. "అబ్బాయ్, పోయిన ఏడాది ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి స్త్రీశక్తి బస్సు ఉచితం కదా. వాయిదాలకి మీ ఆవిణ్ణి పంపితే?"

"కాటా వేసింది నేను కదా బాబాయ్!"

"అదీ నిజమే" అని కొట్టేశాడు. ఆ పేజీలో ఆయన కొట్టేసిన పద్దు అదొక్కటే.

లండన్ సంగతి కూడా బాబాయి వదలడు. ఎవరి అల్లుడో చెప్పాడట. ఇంగ్లండులో 2013 నుంచి ఉద్యోగ వివాదాల ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి ఫీజు పెట్టారు. ఉద్యోగంలోంచి అన్యాయంగా తీసేశారనే కేసు విచారణ దాకా వెళ్తే మొత్తం 1,200 పౌండ్లు. కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. యూనిసన్ అనే కార్మిక సంఘం పోరాడితే 2017 జులైలో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజులు చెల్లవని కొట్టేసింది. ఈ కథ నిజమే. దాన్నిబట్టి బాబాయి తేల్చింది మాత్రం, తిరువూరులో కూడా ఎంతో కొంత చేతిలో పెట్టుకోవాలని.

ఇక "వచ్చేది". బాబాయి పెన్సిలుకు అక్కడ పూత కాలం గుర్తొస్తుంది. మానసిక క్షోభకు 5 లక్షలు, పరువుకు 3 లక్షలు. చట్టప్రకారం కచ్చితంగా లెక్కకు అందేది గ్రాట్యుటీ. అదే ఆయన మరిచిపోయాడు. 13,000ను 26తో భాగిస్తే 500. దాన్ని 15తో, ఆపైన 12 ఏళ్లతో గుణిస్తే 90,000. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఐదేళ్లు నిండిన ఉద్యోగికి అది హక్కు. 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కలపాలి. దానికి లాయరూ అక్కర్లేదు, గుంటూరు బస్సూ అక్కర్లేదు. కార్మిక శాఖలో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నోటుబుక్కులో అసలు లేని పద్దు ఒకటుంది. కేసు తేలేదాకా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? తొలగింపు చెల్లదని తేలితే పాత జీతం మొత్తం రావడమే మామూలని సుప్రీంకోర్టు 2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో చెప్పింది. అయితే ఆ కాలంలో తనకు వేరే సంపాదన లేదని, లేదా తక్కువ జీతానికి చేశానని ఉద్యోగి కోర్టుకు చెప్పుకోవాలి. వేరే చోట పాత జీతమంత సంపాదిస్తే ఆ బకాయి తగ్గుతుంది. ఏమీ సంపాదించకపోతే పిల్లల స్కూలు ఫీజు ఆగుతుంది. ఈ ఖర్చు ముందు జెరాక్సులు ఓ లెక్కా? కాటా గుమాస్తా అడిగింది కూడా ఇదే. బాబాయి చాలాసేపు పెన్సిలు చెక్కాడు.

ఆయన వేయని మరో కాలమ్ తేదీలది. పాత చట్టం కింద తొలగించిన నాటి నుంచి మూడేళ్ల దాకా లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. కొత్త కోడ్‌లో లేబర్ ఆఫీసర్ దగ్గర రాజీ ప్రక్రియకు గడువు రెండేళ్లే. బాబాయి ఎస్టిమేటు పూర్తయ్యేలోగా అందులో కొంత టీలకే కరిగిపోతుంది.

కాబట్టి తిరువూరులో ఉద్యోగం పోయినవాళ్లెవరైనా బాబాయికి టీ పోయించండి, తప్పులేదు, మాట మంచిది. ఆ టీ చల్లారేలోగా 15100కు ఫోన్ చేయండి. న్యాయ సేవల సంస్థ నంబరది, కాల్‌కు డబ్బులు పడవు.